తుప్పుపట్టిన సెన్సరు, దక్కని కూలి

చిత్తూరు, తిరుపతి జిల్లాలలోని మోటారు మరమ్మతు షెడ్లలో ప్రతిదినము జరుగు పనులలో క్రొత్త భాగమును బిగించుటకు కూలి కలదు, ఆయిలు మార్చుటకు కూలి కలదు, చక్రము సరిచేయుటకును రంగు పూయుటకును లెక్క కలదు. కాని తుప్పుపట్టి కదలక కూర్చున్న ఒక చిన్న వస్తువును, దాని చుట్టునున్న లోహమునకు హాని కలుగకుండ, పూటంతయు ఓర్పుతో ఊడదీయు పనికి మాత్రము వెల కట్టువారు కానరారు. ఈ లోపము స్వల్పముగ తోచవచ్చును. దీని ఫలము బండి యజమాని ధనమును, మేస్త్రి నైపుణ్యమును, కొండదారిని నడచు యాత్రికుని ఊపిరిని కూడ హరించుచున్నదని చెప్పుటకే ఈ వ్యాసము.

ఈ ప్రాంతపు జీవనములో పికప్ బండికి గల స్థానమును గూర్చి విస్తరించి చెప్పనక్కరలేదు. దామలచెరువు, బంగారుపాళెము మండీలకు తోతాపురి మామిడికాయను, మదనపల్లె మార్కెట్టునుండి చెన్నపట్టణమునకు టమోటాను, పలమనేరు, పుంగనూరు పల్లెలనుండి పాలక్యానులను, చిత్తూరు చుట్టుపట్ల గానుగలనుండి బెల్లపు దిమ్మలను చేరవేయునది ఇదియే. 2005లో టాటా ఏస్ వచ్చిన నాటినుండి చిన్నరైతునకును చిన్నవర్తకునికిని సొంతబండి అనునది అందని మ్రానిపండు కాకుండ పోయినది. బొలేరో పికప్పులు, దోస్తులు, సూపర్ క్యారీలు కూడ పల్లెలకు వచ్చినవి. 2016లో సత్యవేడు దాపునగల శ్రీసిటీలో ఇసుజు కర్మాగారము డీ-మాక్స్ పికప్పులను తయారుచేయ నారంభించుటతో పికప్ బండి మన నేలమీదనే పుట్టు వస్తువైనది. ఆనాడు క్రొత్తగ మెరసిన బండ్లన్నియు నేడు ప్రాతబడినవి. సరకుబండి ఎనిమిదేండ్లు దాటిన పిమ్మట ఏటేట ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పరీక్షకు నిలువవలసి యుండును. సరిగ ఆ వయస్సునందే సెన్సర్లు చెడుటయు, చెడినవి ఊడిరాకపోవుటయు ఆరంభమగును.

పెట్రోలుతోను, సి.ఎన్.జి.తోను నడచు బండ్లలో, ఇంజనునుండి వెడలు పైపునకు, మన డ్రైవర్లు సైలెన్సరు పైపని పిలుచుదానికి, బొటనవ్రేలంత సెన్సరు ఒకటి మరలతో బిగింపబడి యుండును. దాని కొన పైపులోనికి చొచ్చుకొనిపోయి ఎల్లప్పుడును పొగలో మునిగియుండును. జిర్కోనియా పింగాణితో చేసిన ఆ కొన 300 డిగ్రీలకు పైగా కాగిన పిమ్మట, వెలుపలి గాలిలోని ఆక్సిజనుకును లోపలి పొగలో మిగిలిన ఆక్సిజనుకును గల భేదమును విద్యుత్సంకేతముగ మార్చును: ఇంధనము ఎక్కువ పడినచో సుమారు 0.9 వోల్టు, తక్కువ పడినచో సుమారు 0.1 వోల్టు. ఈ సంకేతమును బట్టి ఇంజనులోని కంప్యూటరు, కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి చొప్పున మిశ్రమమును దిద్దుచుండును. ఆ నిష్పత్తి తప్పనంతవరకే క్యాటలిటిక్ కన్వర్టరు కార్బన్ మోనాక్సైడును, మండక మిగిలిన హైడ్రోకార్బనులను, నైట్రోజన్ ఆక్సైడులను ఏకకాలమున అణచగలదు. జర్మనీ దేశపు బాష్ సంస్థ తయారుచేసిన ఈ సెన్సరు 1976లో మొట్టమొదట వోల్వో కార్లకు అమర్పబడినది. మనదేశమున 1995లో నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు విధింపబడినది. సీసము కలిసిన పెట్రోలు కన్వర్టరును, సెన్సరును రెండింటిని చంపును గనుక 2000 ఫిబ్రవరినాటికి దేశమంతట సీసము తొలగింపబడినది. 2017 ఏప్రిలునుండి బి.ఎస్. 4 పొగ ప్రమాణములు, 2020 ఏప్రిలునుండి బి.ఎస్. 6 ప్రమాణములు దేశమంతటికిని వర్తించినవి. బి.ఎస్. 6తో డీజిలు బండ్ల పైపులకు సైతము ఉష్ణోగ్రత సెన్సర్లు, మసిని పట్టు ఫిల్టరులు వచ్చిచేరినవి. కావున పెట్రోలు బండి మేస్త్రికి నేడు ఎదురగుచున్న కష్టము డీజిలు బండి మేస్త్రికి రేపు తప్పదు.

సెన్సరు చెడినప్పుడు డ్రైవరు ముందట చెక్ ఇంజన్ లైటు వెలుగును. కంప్యూటరు గ్రుడ్డిలెక్కమీద ఇంధనమును అధికముగ పోయసాగును, మైలేజి పడిపోవును, పైపు కొసన నల్లని మసి పేరును. లైటు వెలిగినను బండి నడచుచునే యుండును గనుక మామిడి కోతలు ముగియువరకు ఉపేక్షించువారే అధికులు. ఆ ఉపేక్షాకాలమున మండని పెట్రోలు కన్వర్టరులోనికి పోయి అచ్చట మండుటచేత, సెన్సరుకంటె అనేక రెట్లు ఖరీదైన ఆ వస్తువు లోలోపల కరిగి పాడగును.

రాయలసీమ వానలు కరవైన సీమ గదా, ఇచ్చట ఇనుమునకు తుప్పేమి యని చదువరులకు సందేహము కలుగవచ్చును. శీతదేశములలో మంచు కరుగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. అచ్చట బండి అడుగుభాగమును తుప్పు తినివేయుట ప్రసిద్ధము. మన కారణములు వేరు. లీటరు పెట్రోలు మండినప్పుడు దాదాపు లీటరు నీరు ఆవిరిరూపమున పైపులోనికి చేరును; దూరప్రయాణమున ఆ యావిరి వెలికిపోవును గాని, ఇంటికిని మండీకిని నడుమ కొద్దిదూరము తిరిగి ఆగిపోవు బండిలో పైపు తగినంత కాగక, ఆవిరి చెమ్మయై లోపలనే నిలుచును. ఈశాన్య ఋతుపవనము అక్టోబరునుండి డిసెంబరువరకు తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు ప్రాంతములను తడుపును. 2021 నవంబరులో కురిసిన కుండపోతకు తిరుపతి వీధులు ఏరులై పారుటయు, స్వర్ణముఖి పొంగుటయు, వీధులలోని బండ్లు నీట మునుగుటయు మనమెవ్వరమును మరువలేదు. ఆ బురదనీటిలో నానిన మర నాడు కాకపోయినను కొన్నేండ్లకైనను బిగిసిపోక మానదు. సముద్రతీరమునుండి చేపలను తెచ్చు బండ్లలో మంచుగడ్డ కరిగిన ఉప్పునీరు చట్రముమీదుగ కారుచునే యుండును.

వీటన్నిటికి తోడు వేడి. నిండుబరువుతో మొగిలి ఘాటును ఎక్కు బండి పైపు వందల డిగ్రీలకు కాగి, రాత్రికి చల్లబడును. మరునాడు మరల కాగును. కాగినప్పుడెల్ల లోహము వ్యాకోచించి, చల్లారినప్పుడెల్ల సంకోచించి, మరల నడుమ సందులలోనికి చెమ్మకు దారి ఇచ్చును. ఇనుము తుప్పుగ మారినప్పుడు మునుపటికంటె ఎక్కువ చోటును ఆక్రమించును. పెరుగుటకు తావులేని ఆ సందులో పుట్టిన తుప్పు, గొడ్డలి కామకు చీల కొట్టినట్లు, రెండు మరలను ఒకదానికొకటి బిగియగట్టును. బలముగల వాడు పొడుగాటి పైపును స్పానరుకు తగిలించి త్రిప్పినచో కదలునది సెన్సరు కాదు: దాని ఆరుమూలలు గుండ్రనై పోవును, లేదా సెన్సరు సగమునకు తెగి క్రింది సగము పైపులోనే నిలిచిపోవును, లేదా మరలన్నియు ఊడి తీగలు తీగలుగ వచ్చును.

ఇట్టి మరను విప్పుటకు కావలసినది వేళ. పని తెలిసిన మేస్త్రి ముందుగ బ్యాటరీ తీగను తప్పించి, సెన్సరు కనెక్టరును విడదీయును. చెడినదని స్కానరు నిర్ధారించిన సెన్సరైనచో దాని తీగను మొదటనే కత్తిరించివేయును. ఏలయన తీగ దూరుటకై ప్రక్కన చీలికగల సాకెట్టు బరువు పడినప్పుడు విచ్చుకొనును, తీగ లేనప్పుడు 22 నంబరు రింగు స్పానరును నిండుగ దిగవేయవచ్చును. మరమొదలున పేరిన తుప్పును తీగబ్రష్షుతో రాల్చి, పలుచని తుప్పునూనెను చిలుకరించి, ఆ నూనె సన్నని సందులలోనికి తనంతట తాను ప్రాకువరకు వేచియుండును. ఈ వేచియుండుటయే పనిలో ప్రధానభాగము. సాయంకాలము నూనె చిలుకరించి, రాత్రియంతయు నాననిచ్చి, ఉదయము మరల చిలుకరించుట ఉత్తమమని అనుభవజ్ఞులందరును చెప్పుదురు. కాని రాత్రి నిలిచిన బండి మరునాటి కిరాయిని పోగొట్టుకొనునని యజమాని తొందర.

పిమ్మట వేడి. బ్యాటరీ తీగను మరల తగిలించి, ఇంజనును కొలది నిమిషములు నడిపి ఆపినచో పైపు కాగును. ఆ వేడిలోనే చేతితొడుగులు వేసికొని యత్నించుట మొదటి మెట్టు. దానికి లొంగనిచో గ్యాసుమంటను ప్రయోగింపవలెను. మంటను సెన్సరుపై కాక, పైపునకు వెల్డింగు చేసిన దిమ్మపై తిప్పవలెను. వెలుపలి దిమ్మ వ్యాకోచించినప్పుడే లోపలి మర వదులగును. ఆ వ్యాకోచమెంత? సెన్సరు మర వ్యాసము సాధారణముగ 18 మిల్లీమీటరులు. దిమ్మ 300 డిగ్రీలు అధికముగ కాగినచో ఆ వ్యాసము పెరుగునది మిల్లీమీటరులో పదునైదవ వంతు మాత్రమే. కంటికి కానరాని ఆ కొలతయే తుప్పుపొరను చిట్లించుటకు చాలును. అయితే పెట్రోలు గొట్టములు, బ్రేకు గొట్టములు, తీగలు దాపుననుండు చోట మంట ప్రాణాపాయకరము. ఎఱ్ఱగ కాగిన లోహముపై నూనె చల్లుటయు అట్టిదే. కొందఱు ప్రాత మేస్త్రీలు కాగిన దిమ్మకు మైనపు కడ్డీని ఆనింతురు. మైనము కరిగి మరలలోనికి పీల్చుకొనిపోవును.

స్పానరు పట్టిన పిమ్మట కూడ తొందర తగదు. మొట్టమొదట విప్పుదిక్కునకు కాక, బిగించుదిక్కునకు వెండ్రుకవాసి కదలింపవలెను. తుప్పుపొర తెగిన చిన్న ధ్వని వినబడును. ఆ పిమ్మట విప్పుదిక్కునకు కొంచెము, మరల బిగింపునకు కొంచెము, మరల విప్పునకు మరికొంచెము. కిఱ్ఱుమని అరచినచో నిలిపి, నూనె వేసి, ఆగి, తిరిగి యత్నింపవలెను. ఈ విధముగ ఊడివచ్చిన సెన్సరు వెనుక మరలు చెక్కుచెదరక యుండును. వాటిని శుభ్రపరచు మరకడ్డీతో ఒకమారు తుడిచి, క్రొత్త సెన్సరు మరలకు మాత్రమే, కొనకు అంటకుండ, వేడిని ఓర్చు గ్రీజును పలుచగ పూసి (సెన్సరు మరలకు కంపెనీవారే పూసి పంపినచో ఆ పనియు అక్కరలేదు) చేతితోనే మొదటి చుట్లు త్రిప్పి, కంపెనీ చెప్పిన బిగువునకు బిగించినచో, మరుసారి దానిని విప్పువానికి ఇంతటి శ్రమ యుండదు. సిలికాన్ గ్రీజును, సిలికాన్ గమ్మును ఆ దరిదాపులకు రానీయరాదు. దాని ఆవిరి సెన్సరు కొనను కప్పి క్రొత్తదానిని సైతము చంపును.

ఈ పనినంతను నేనింత విపులముగ వ్రాయుటకు కారణము కలదు. పనిలోని ప్రతి యంచెయు కాలము నడుగుచున్నది. మనము ఆ కాలమునకు కూలి ఇయ్యము. సెన్సరు వెల ఎంతయో యజమానికి తెలియును, దుకాణములో అడిగి ఇచ్చును. ఊడదీసినందులకు వేరుగ కూలి యడిగిన మేస్త్రితో మాత్రము, "ఒక్క నట్టు విప్పినదానికి ఇంత దుడ్డా?" అని వాదించును. సాయంకాలమునుండి మరునాటి ఉదయమువరకు మేస్త్రి చేసిన పని కంటికి కనబడదు. బండి క్రింద నూనెమరక యొకటియే కనబడును. కూలి దక్కని ఓర్పును ఎవ్వరెంతకాలము చూపగలరు? అందుచేతనే అనేక షెడ్లలో, "ఇది రాదు సామీ, పైపే మార్చల్ల" అను మాట ముందుగనే వినవచ్చును. పైపు మార్చినచో మేస్త్రికి ఆ భాగముమీద లాభము కలదు, పని గంటలో ముగియును, యజమాని మారుమాటాడక చెల్లించును. ఊడదీయుటకు ఇయ్యనొల్లని సొమ్మునకు అనేక రెట్లు అతడే పైపునకు ఇచ్చుచున్నాడు. దీనికి మేస్త్రిని దూషించుట న్యాయము కాదు. బిడ్డల ఫీజులు, షెడ్డు బాడుగ, సహాయకుల జీతములు గల మనుష్యుడు, వేచియుండుటకు వెల లేని చోట వేచియుండడు.

ఇంతకంటె హేయమైన దారి మరియొకటి కలదు. విరిగిన సెన్సరు మొండెమును పైపులోనే వదలి పైన వెల్డింగుతో మూసివేయుట, తీగకు ఒక రెసిస్టరు తగిలించి కంప్యూటరును మోసగించుట, కన్వర్టరును కోసి తీసి ఖాళీగొట్టమును అతికించుట, డీజిలు బండ్లలో మసి ఫిల్టరును తొలగించి సాఫ్టువేరును మార్చించుట. దీనివలన లైటు ఆరును. విషము ఆరదు. ఆ బండి వెదజల్లు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు గనుక ఎవ్వరును గమనింపరు. 1944లో తెరచిన తొలి ఘాట్ రోడ్డుమీదను, 1974లో వచ్చిన రెండవ ఘాట్ రోడ్డుమీదను తిరుమలకు వచ్చిపోవు వాహనముల పొగను తగ్గించుటకై 2022నుండి ఆర్.టి.సి. విద్యుత్ బస్సులను నడుపుచున్నది. ప్రజాధనముతో అంతటి సత్కార్యము జరుగుచుండగా, ఆ కొండక్రింది పట్టణములోనే, ఒక మర ఊడిరాలేదను కారణముచేత కన్వర్టరులు కోయబడి పాత ఇనుము అంగళ్లకు పోవుట నా మనస్సును మిక్కిలి బాధించుచున్నది.

ప్రాతబండ్లను మరమ్మతు చేయుట యేల, తుక్కుక్రింద వేయరాదా యని కొందఱందురు. 2021 ఆగస్టులో ప్రధానమంత్రి ప్రారంభించిన తుక్కు విధానము ఉద్దేశము మంచిదే. అయినను ఆ విధానములో సైతము రైతు బండికి ముఖ్యమైన కొలబద్ద ఫిట్‌నెస్ పరీక్ష. పరీక్షలో నెగ్గుబండిని నడుపుకొను హక్కు యజమానికి కలదు. 2025 వేసవిలో తోతాపురికి ధర పడిపోయి, ప్రభుత్వము కిలోకు 4 రూపాయలు తానిచ్చి ఆదుకొనవలసి వచ్చినప్పుడు, గుజ్జు ఫ్యాక్టరీల వాకిళ్లలో కాయబండ్లు దినములకొలది బారులుతీరి నిలిచినవి. ఆ బారులలో నిలిచిన రైతును క్రొత్త బండి కొనుమనుట క్రూరత్వము. అతని ప్రాతబండిని శుభ్రముగ పొగ వదలునట్లు చేయుట సాధ్యము. దానికి కావలసినది సెన్సరు ఒకటి, దానిని ఊడదీయగల చేయి ఒకటి.

అమెరికా, కెనడా దేశములలో స్థిరపడిన మన తెలుగువారు ఎరుగుదురు: అచ్చటి షెడ్లలో ప్రతి పనికిని ఇన్ని గంటల శ్రమ యని ముద్రితమైన లెక్క యుండును, గంటకింతయని వెల యుండును, తుప్పుపట్టిన బండికి అదనపు కాలమును ముందుగనే చెప్పి వ్రాయింతురు. అచ్చటి వెలలను ఇచ్చటికి తెమ్మని నేననను. వేచియుండుటయు పనియే యను ఆ న్యాయమును మాత్రము తెచ్చుకొనవచ్చును. తిరుపతి ఆటోనగరులోని మేస్త్రీలు, చిత్తూరు, మదనపల్లె, పలమనేరు షెడ్ల యజమానులు కూడి, పట్టిన మరను ఊడదీయుటకు ఒక కనీస కూలిని నిర్ణయించి, గోడమీద అందరికి కనబడునట్లు వ్రాసియుంచినచో, బేరము తగ్గును. పని తెలిసినవానికి గౌరవము దక్కును. ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్ కోర్సు చదువు విద్యార్థికి క్రొత్త ఇంజనును విప్పి బిగించుట నేర్పుచున్నారు. తుప్పుపట్టిన ప్రాతపైపునొకదానిని బల్లపై పెట్టి, సెన్సరును మర చెడకుండ తీయుమని పరీక్ష పెట్టినచో, ఉద్యోగములో మొదటిదినముననే అక్కరకు వచ్చు విద్య అబ్బును. దానికి ఖర్చు లేదు. పాత ఇనుము అంగడిలో పైపులు కావలసినన్ని దొరకును.

ప్రభుత్వమునకు కూడ ఇందు పాత్ర కలదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి సంఘమును నియమించి, ఆ యేటి డిసెంబరు 24న ఒక పోర్టలును ప్రారంభించినది. వ్యవసాయ పరికరములు, సెల్‌ఫోనులు, గృహోపకరణములతోబాటు మోటారు వాహనములను అందు చేర్చినది. ఆ హక్కు పల్లెషెడ్డుకు చేరవలెనన్నచో కంపెనీలు సెన్సరు బిగువు కొలతలను, స్కానరు సంకేతముల అర్థములను తెలుగులో అందరికిని అందుబాటులో నుంచవలెను. ఎఫ్.సి. ఇచ్చునప్పుడు కన్వర్టరు ఉన్నదా, సెన్సరు పనిచేయుచున్నదా యని స్కానరు తగిలించి చూడవలెను. కోసి తీసినవానిని శిక్షింపవలెను.

ఇక బండి యజమానులకు ఒక మాట. మామిడి కోతలు మొదలగుటకు నెలముందే, బండి ఖాళీగనున్నప్పుడు, చెక్ ఇంజన్ లైటు వెలుగుచున్నచో షెడ్డుకు తీసికొనిపొండు. రాత్రికి అచ్చటనే విడువుడు. పైపు మార్చుమని తొందరపెట్టక, సెన్సరును ఊడదీయుమని మేస్త్రిని అడుగుడు. ఊడదీసినందులకు అతడడిగిన కూలిని బేరమాడక ఇయ్యుడు.